ఎవరూ గొడవపడలేదు, అయినా ఫ్లాటు ఆగిపోయింది

బయానా తీసుకున్న పదకొండో రోజున ఆమె మా లా ఆఫీసుకు వచ్చారు. చేతిలో ప్లాస్టిక్ కవరు. అందులో భర్త డెత్ సర్టిఫికెట్, తహసీల్దారు ఇచ్చిన ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, ఫ్లాటు దస్తావేజు జిరాక్సు. పక్కన మరిది. కొనేవాళ్లకు లోను ఇవ్వాల్సిన బ్యాంకు లాయరు ఆ కాగితాలు చూసి, "వారసుల్లో ఇద్దరు మైనర్లు, కోర్టు అనుమతి లేదు" అని ఒక్క ముక్క రాసి వెనక్కి పంపాడట.

"మా ఇంట్లో ఎవరికీ అభ్యంతరం లేదు మేడం. అత్తయ్యగారు సంతకం పెడతానన్నారు. ఇంకేం కావాలి?" అన్నారామె.

వారసత్వం కేసు అనగానే అన్నదమ్ముల తగాదా, రెండో పెళ్లి, దొంగ వీలునామా గుర్తొస్తాయి. ఈ ఇంట్లో అవేవీ లేవు. అత్త, కోడలు, మరిది ముగ్గురూ ఒకే మాట మీద ఉన్నారు. అయినా ఫ్లాటు అమ్ముడుపోవడానికి తొమ్మిది నెలలు పట్టింది. ఇలాంటి ఇళ్ల సంగతి పెద్దగా ఎవరూ రాయరు. అందుకే ఈ కేసు రాస్తున్నాను. మనుషులు గుర్తుపట్టే వివరాలు మార్చాను. లెక్కల కోసం మొత్తాలను సరిచేశాను.

ఆయనకు 41 ఏళ్లు, ప్రైవేటు కంపెనీలో ఉద్యోగం. గుండెపోటుతో ఉన్నట్టుండి పోయారు. భార్య, పదకొండేళ్ల కూతురు, ఆరేళ్ల కొడుకు, 67 ఏళ్ల తల్లి, ఒక తమ్ముడు. తండ్రి 2011లోనే పోయారు. ఆయన పేరు మీద ఒక ఫ్లాటు, దాని మీద ఇంకా 19 లక్షల హోమ్ లోను, నెలకు 21 వేల ఈఎంఐ. ఆరు లక్షల ఫిక్స్‌డ్ డిపాజిట్, పది లక్షల జీవిత బీమా, పీఎఫ్. ఊళ్లో కొంచెం పొలం ఉంది కానీ అది ఇంకా తండ్రి పేరు మీదే ఉంది. వీలునామా లేదు. నలభై దాటగానే వీలునామా రాయాలని ఎవరికి తోస్తుంది? అది ముసలివాళ్ల వ్యవహారమని మనందరి లెక్క.

ఆమె ఒక ప్రైవేటు స్కూల్లో టీచరుగా చేరారు. జీతం 18 వేలు. ఫ్లాటు అద్దెకిస్తే 12 వేలు రావచ్చు, ఈఎంఐకి అదీ చాలదు. అమ్మేసి, లోను తీర్చి, మిగిలిన దాంతో పిల్లల్ని చదివించుకోవాలనుకున్నారు. ఆలోచనలో తప్పేమీ లేదు.

ఫ్లాటు ఎవరిదో తేలాలి ముందు. ఇది ఆయన స్వార్జితం. వీలునామా లేదు కాబట్టి 1956 నాటి హిందూ వారసత్వ చట్టం 8వ సెక్షన్ ప్రకారం క్లాస్ వన్, అంటే మొదటి వరుస వారసులకు వెళుతుంది. ఈ ఇంట్లో ఆ వారసులు నలుగురు: భార్య, కూతురు, కొడుకు, తల్లి. తలా నాలుగో వంతు. తండ్రి బతికున్నా ఆయన క్లాస్ టూలోనే ఉండేవారు, తల్లి మాత్రం మొదటి వరుసలోనే ఉంటుంది. "భర్త ఆస్తి భార్యదే కదా" అని వచ్చేవాళ్లకు తల్లి వాటా సంగతి చెబితే సగం మంది నమ్మరు. కూతురికి పెళ్లయినా కాకపోయినా వాటా కొడుకుతో సమానమే. దీన్ని మాత్రం ఇప్పుడు చాలామంది ఒప్పుకుంటున్నారు, మనసులో ఏమున్నా.

ఇదంతా హిందువుల సంగతి. ఇదే క్రైస్తవ కుటుంబమైతే 1925 నాటి భారత వారసత్వ చట్టం కింద భార్యకు మూడో వంతు, మిగతా రెండు వంతులు పిల్లలకు. పిల్లలుండగా తల్లికి రాదు. ముస్లింలకు వేరే లెక్క. వీలునామా రాసినా, మిగతా వారసులు ఒప్పుకోకపోతే మూడో వంతుకు మించి చెల్లదు.

ఇప్పుడు అసలు చిక్కు. పిల్లలిద్దరికీ కలిపి ఫ్లాటులో సగం. తల్లి వాళ్లకు సహజ సంరక్షకురాలే. కానీ 1956 నాటి హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టం 8వ సెక్షన్ ప్రకారం, మైనరు స్థిరాస్తిని అమ్మాలన్నా తాకట్టు పెట్టాలన్నా ముందుగా కోర్టు అనుమతి తీసుకోవాలి. తీసుకోకుండా అమ్మితే, ఆ అమ్మకాన్ని రద్దు చేయమని పిల్లలు పెద్దయ్యాక కోర్టుకు వెళ్లవచ్చు. మేజరైన నాటి నుంచి మూడేళ్ల గడువుంటుంది. ఆరేళ్ల పిల్లవాడి లెక్కన ఇరవై ఒక్క ఏళ్లు నిండేదాకా, అంటే ఇంకో పదిహేనేళ్లు ఆ ఫ్లాటు మీద కత్తి వేలాడుతూనే ఉంటుంది. అలాంటి ఆస్తికి ఏ బ్యాంకు లోనిస్తుంది? ఆ లాయరు రాసింది అక్షరాలా నిజం.

మరిది ఇంకో సందేహం తెచ్చారు. "ఉమ్మడి కుటుంబ ఆస్తిలో మైనరు వాటాకి కోర్టు అనుమతి అక్కర్లేదని మా ఊళ్లో ఒక పెద్దాయన చెప్పారండీ." పెద్దాయన పూర్తిగా తప్పు కాదు. ఉమ్మడి కుటుంబపు ఆస్తిని కర్త, అంటే ఆ కుటుంబ పెద్ద, కుటుంబ అవసరానికి అమ్మినప్పుడు, అందులో మైనరుకున్న విడగొట్టని వాటాకు గార్డియన్‌షిప్ చట్టంలోని ఈ 8వ సెక్షన్ అడ్డురాదని సుప్రీంకోర్టు చెప్పింది. కానీ ఈ ఫ్లాటు ఉమ్మడి ఆస్తి కాదు. తండ్రి సొంత సంపాదన, వారసత్వ చట్టం 8వ సెక్షన్ దారిలో పిల్లలకు విడిగా వచ్చిన వాటా. ఇలాంటి సగం నిజాలే ఇళ్లను ఎక్కువ ముంచుతాయి.

నామినీల గోల కూడా ఇదే కేసులో మూడు రకాలుగా ఎదురైంది. ఫిక్స్‌డ్ డిపాజిట్‌కు నామినీ తమ్ముడు. పెళ్లికి ముందు వేసిన డిపాజిట్ అది, ఏటా దానంతటదే రెన్యువల్ అవుతూ వచ్చింది. బ్యాంకు ఆరు లక్షలూ తమ్ముడి చేతికిచ్చింది. బ్యాంకు చేసిందీ సరైనదే, నామినీకి ఇస్తే దాని బాధ్యత తీరిపోతుంది. తమ్ముడు మాత్రం డబ్బు పట్టుకున్నంతసేపూ టెన్షన్ పడ్డారు. "వదినా, ఇది నాది కాదు" అని వెంటనే ఆమె ఖాతాకు బదిలీ చేశారు. మంచి మనసే. కానీ చట్టం లెక్కలో అది వదినదీ కాదు, నలుగురిదీ. నామినీ అంటే డబ్బు అందుకుని వారసులకు అప్పగించాల్సిన మనిషి. 1984లో సర్బతీ దేవి కేసులో బీమా గురించీ, 2023 డిసెంబరులో శక్తి యెజ్దానీ కేసులో షేర్లు, మ్యూచువల్ ఫండ్ల గురించీ సుప్రీంకోర్టు ఇదే చెప్పింది. 2025 నవంబరు 1 నుంచి బ్యాంకు డిపాజిట్లకు నలుగురు నామినీలను, వాటా శాతాలతో సహా రాసుకోవచ్చు. శాతం రాసినా నామినీ నామినీయే. ఆ శాతాన్ని వీలునామా అనుకోకండి.

నేను ఒక చిన్న కాగితం రాయించాను. ఆరు లక్షలు అందుకున్నది ఎవరు, ఎవరికి ఎంత చెందుతుంది, ఎప్పుడు ఏ ఖాతాకు వెళ్లింది, అంతే. తలా లక్షన్నర. పిల్లల మూడు లక్షలు వాళ్ల పేర్ల మీద డిపాజిట్ చేయించాను. "మా మధ్య కాగితాలెందుకు మేడం" అని మరిది కాస్త నొచ్చుకున్నారు. పదేళ్ల తర్వాత ఆ పిల్లలే అడగవచ్చని చెప్పాను. సంతకం పెట్టారు.

పీఎఫ్‌కు నామినీ తల్లి. అదీ పెళ్లికి ముందు రాసిందే. ఇక్కడ రూలు పూర్తిగా వేరు. పెళ్లికి ముందు రాసిన పీఎఫ్ నామినేషన్, పెళ్లి కాగానే చెల్లకుండా పోతుంది. కొత్తది రాయకపోతే కుటుంబ సభ్యులకు సమానంగా పంచుతారు. మగ ఉద్యోగి విషయంలో భార్య, పిల్లలు, ఆయన మీద ఆధారపడిన తల్లిదండ్రులు ఆ కుటుంబంలోకి వస్తారు. ఎనిమిది లక్షల పీఎఫ్ నాలుగు భాగాలైంది. పెళ్లయ్యాక పీఎఫ్ నామినేషన్ మార్చారా అని నేను అడిగితే ఇంతవరకు వెంటనే అవునన్నవాళ్లు చాలా తక్కువ.

పీఎఫ్‌తో పాటు ఈడీఎల్ఐ అనే బీమా ఒకటి ఉంటుంది. ఉద్యోగంలో ఉండగా చనిపోతే గరిష్ఠంగా ఏడు లక్షల దాకా వస్తుంది. ఉద్యోగి జీతంలోంచి దీనికి పైసా కోయరు, అందుకే చాలామందికి ఇది ఉందనే తెలియదు. ఈ ఇంట్లోనూ తెలియదు. ఫారం 5ఐఎఫ్ వేయించాం, ఏడు లక్షలూ వచ్చాయి. పీఎఫ్ ఎవరికి వెళితే ఇదీ వాళ్లకే. దాంతోపాటు ఫారం 10డీతో భార్యకు పింఛను, ఇద్దరు పిల్లలకు 25 ఏళ్లు నిండేదాకా పిల్లల పింఛను.

బీమాకు నామినీ భార్యే. 2015లో బీమా చట్టాన్ని సవరించాక, భార్య లేదా భర్త, పిల్లలు, తల్లిదండ్రులు నామినీగా ఉంటే ఆ డబ్బు మీద హక్కు కూడా వాళ్లదేనని 39వ సెక్షన్‌లో చేర్చారు. దీన్ని ఎలా చదవాలన్న దానిపై హైకోర్టుల్లో వాదనలు ఇంకా నడుస్తున్నాయి. ఇక్కడ తల్లి అడగలేదు, కాబట్టి ఆ జోలికి పోలేదు. పది లక్షలూ ఆమెకు వచ్చాయి. వాటితో లోను తగ్గించుకుందామని ఆమె ఆశపడ్డారు. నేను వద్దన్నాను. ఆ లోను ఫ్లాటు మీద ఉన్న అప్పు. భర్త చేసిన అప్పుకు వారసులు తమకొచ్చిన ఆస్తి మేరకే బాధ్యులు, అదీ అందరూ. ఆమె ఒక్కరే తన సొంత డబ్బుతో తీర్చేస్తే లాభం నలుగురికీ వెళుతుంది, చేతిలో డబ్బు మాత్రం ఆమెకే ఖాళీ అవుతుంది. అమ్మకం తేలేదాకా ఈఎంఐలు మాత్రం కట్టమన్నాను.

జిల్లా కోర్టులో అనుమతి కోసం ఓ.పి., అంటే ఒరిజినల్ పిటిషన్ వేశాం. కోర్టు రెండు విషయాలు చూస్తుంది. అమ్మకం మైనరుకు అవసరమా, లేదా స్పష్టంగా లాభమా. ఈఎంఐ ఎంత, జీతం ఎంత, అద్దె ఎంత రావచ్చు, లోను ఆగిపోతే ఫ్లాటు వేలానికి పోయి పిల్లల వాటాకే నష్టమన్నది కాగితాలతో చూపించాం. సబ్ రిజిస్ట్రారు ఆఫీసు నుంచి మార్కెట్ విలువ ధ్రువపత్రం, లోను స్టేట్‌మెంటు, స్కూలు ఫీజు రసీదులు, అత్తగారి అఫిడవిట్ జతచేశాం.

ఇక్కడ నా తప్పు ఒకటి ఉంది. పిటిషన్‌లో మొదటి కొనుగోలుదారు ఒప్పుకున్న 48 లక్షలకు అతనికే అమ్మడానికి అనుమతి అడిగాను. నాలుగో నెలలో అతను ఆగలేక వేరే ఫ్లాటు చూసుకున్నాడు. పిటిషన్ సవరించాల్సి వచ్చింది, రెండు వాయిదాలు పోయాయి. ఫలానా మొత్తానికి తక్కువ కాకుండా ఎవరికైనా అమ్మడానికి అనుమతి ఇవ్వమని మొదటే అడిగి ఉంటే ఆ ఇబ్బంది వచ్చేది కాదు. ఆ తర్వాత నా పిటిషన్లన్నీ అలాగే రాస్తున్నాను. బయానాగా తీసుకున్న లక్షలో సగం అప్పటికే స్కూలు ఫీజులకు ఖర్చయింది. తిరిగివ్వడానికి తక్కువపడింది మరిది సర్దారు.

ఏడో నెలలో ఆర్డరు వచ్చింది. పిల్లల వాటా డబ్బు వాళ్ల పేర్ల మీద జాతీయ బ్యాంకులో మేజరయ్యేదాకా డిపాజిట్ చేయాలి, వడ్డీ చదువుకు వాడుకోవచ్చు, రసీదులు కోర్టుకు చూపాలి. ఇంకో రెండు నెలల్లో కొత్త కొనుగోలుదారు దొరికి, రిజిస్ట్రేషన్ అయింది. 46 లక్షల 50 వేలు. అప్పటికి మిగిలిన లోను 18 లక్షల 50 వేలు తీరగా 28 లక్షలు. తలా ఏడు లక్షలు. అందులో పిల్లల 14 లక్షలు ముట్టుకోవడానికి లేదు.

ఆయన బతికుండగా ఒక తెల్ల కాగితం మీద, "నా ఫ్లాటు నా తర్వాత నా భార్యకు చెందాలి" అని రాసి, ఇద్దరు సాక్షుల ముందు సంతకం పెట్టి, వాళ్ల చేత కూడా తన ఎదుట సంతకాలు పెట్టించి ఉంటే ఈ తొమ్మిది నెలలు ఉండేవి కావు. స్వార్జితాన్ని ఎవరికైనా రాయవచ్చు. వీలునామాకు స్టాంపు పేపరు అక్కర్లేదు, రిజిస్ట్రేషన్ కూడా తప్పనిసరి కాదు. చేయిస్తే మంచిదని నేను చెబుతాను, ఎందుకంటే కాగితం పోదు. సాక్షులు లోపల ఏముందో చదవాల్సిన పని లేదు, సంతకం చూస్తే చాలు. కానీ రేపు వివాదమొస్తే కనీసం ఒక సాక్షి కోర్టుకొచ్చి చెప్పాలి. అందుకే రాసేవాళ్లకంటే చిన్నవాళ్లను, అందుబాటులో ఉండేవాళ్లను సాక్షులుగా పెట్టుకోమంటాను. అసలు ఫ్లాటు కొన్నప్పుడే ఇద్దరి పేర్లతో కొని ఉన్నా సగం ఆస్తి ఈ లెక్కలోకి వచ్చేది కాదు.

మొత్తం భార్యకో భర్తకో రాసేయడంలోనూ ఇబ్బంది లేకపోలేదు. బతికున్నవాళ్లు మళ్లీ పెళ్లి చేసుకుంటే మొదటి పెళ్లి పిల్లల గతేమిటన్నది న్యాయమైన ప్రశ్నే. కోర్టు పిల్లల డబ్బును తాళం వేసి ఉంచడం వెనుక ఉన్న భయమూ ఇదే. చిన్నపిల్లలున్న ఇంట్లో ఇల్లు జీవిత భాగస్వామికి, ఒక బీమా పాలసీ పిల్లలకు అని విడదీయడం నాకు నచ్చిన పద్ధతి. పాలసీ తీసుకునేటప్పుడే 1874 నాటి వివాహిత స్త్రీల ఆస్తి చట్టం కింద భార్యాపిల్లల పేరున తీసుకుంటే, ఆ డబ్బు అప్పులవాళ్లకు దొరకదు కూడా. పాలసీ చేయించేటప్పుడే దాని ఫారం అడగాలి, ఆ తర్వాత అడిగితే లాభం లేదు.

అత్తగారి వాటా దగ్గర ఎక్కువ సమయం పట్టింది. "నా కొడుకు డబ్బు నాకెందుకమ్మా, కోడలికే ఇచ్చేస్తాను" అన్నారావిడ, నా ఎదుట మూడుసార్లు. నేను ఒప్పుకోలేదు. ఇవ్వడం ఆవిడ హక్కు, కాదనను. కానీ 67 ఏళ్ల మనిషి, వేరే ఆదాయం లేదు, కోడలి జీతం 18 వేలు. ఆవిడకు రేపు ఆపరేషన్ అవసరమైతే? ఇలా ఇచ్చేసిన తల్లులు తర్వాత నా దగ్గరికి రావడం చూశాను. ఇచ్చే దస్తావేజులో తన పోషణ చూసుకోవాలన్న షరతు రాసి ఉంటే, 2007 నాటి సీనియర్ సిటిజన్ల చట్టం 23వ సెక్షన్ కింద ట్రిబ్యునల్‌కు వెళ్లి ఆ బదిలీని రద్దు చేయించుకోవచ్చు. ఆ షరతు లేకపోతే పోరాటం కష్టమవుతుంది. ఈ కోడలు అలాంటి మనిషి కాదు, నాకూ తెలుసు. అయినా నా సలహా అదే.

సరే, డబ్బు ఆవిడ దగ్గరే ఉంది అనుకుందాం. ఆవిడ తర్వాత? వీలునామా లేకుండా పోతే హిందూ వారసత్వ చట్టం 15వ సెక్షన్ వర్తిస్తుంది. కొడుకులు, కూతుళ్లు, ముందే పోయిన కొడుకు పిల్లలు వారసులు. ఏడు లక్షల్లో సగం చిన్నకొడుక్కి, సగం మనవలకి. పోయిన కొడుకు భార్య ఆ వరుసలో లేదు. ఈ మాట విన్నాక ఆవిడ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత చిన్నకొడుకు వైపు చూశారు. "నాకొద్దమ్మా, రాసెయ్" అన్నారాయన.

చివరికి ఏడు లక్షలూ ఆవిడ పేరునే డిపాజిట్ వేశాం. వడ్డీ ఆవిడ మందులకు. ఆవిడ తర్వాత మిగిలింది కోడలికి చెందాలని వీలునామా రాయించి రిజిస్టరు చేయించాం. మనసు మారితే మళ్లీ రాసుకోవచ్చని, ఆఖరున రాసిందే చెల్లుతుందని సబ్ రిజిస్ట్రారు ఆఫీసు మెట్ల మీద ఇంకోసారి చెప్పాను. "ఎందుకు మారుతుందమ్మా" అని నవ్వారు.

అదే రోజు కోడలు కూడా తన వీలునామా రాశారు. ఇప్పుడు పిల్లలకు ఆమె ఒక్కరే ఉన్నారు. ఆస్తి కంటే ముఖ్యమైన సంగతి ఆమెకేమైనా అయితే పిల్లలు ఎవరి దగ్గర పెరగాలన్నది. తండ్రి లేని పిల్లలకు తల్లి తన వీలునామాలో గార్డియన్‌ను నియమించవచ్చు, హిందూ మైనారిటీ చట్టం 9వ సెక్షన్ ఆ వీలిస్తుంది. మరిది పేరు రాశారు. ముందే ఆయన్నీ, ఆయన భార్యనూ కూర్చోబెట్టి అడిగి, వాళ్లు సరేనన్నాకే.

ఆమె పెద్ద ఖాతా పుస్తకంలో అన్ని డిపాజిట్ల నంబర్లు, పాలసీ నంబర్లు, నామినీల పేర్లు రాసుకున్నారు. కాపీ ఒకటి నాకిచ్చారు. ఆ పుస్తకంలో చివరి పేజీ ఒక్కటే ఖాళీగా ఉంది, పైన "పొలం" అని రాసి. మామగారు పోయి ఇన్నేళ్లయినా అది ఆయన పేరు మీదే ఉంది. ఆయన వాటాదారులు భార్య, ఇద్దరు కొడుకులు. పెద్దకొడుకు వాటా మళ్లీ నలుగురికి చీలుతుంది, అందులోనూ ఇద్దరు మైనర్లే. అన్నదమ్ములిద్దరూ బతికుండగా ఒక్క పూటలో అయిపోయే పని ఇది. వచ్చే నెల రెవెన్యూ రికార్డుల నకళ్లు తెప్పించమని మరిదికి చెప్పాను.